మంచుమీది పరుగు : ఒక తమ్ముని కథ

ఒక నిమిషము పండ్రెండు సెకండ్ల కాలములో గృహిణి యేమి చేయగలదు? పొయ్యి రాజవేయుటకైనను ఆ కాలము చాలదు. బిడ్డకు జడపాయలు తీయుటకైనను చాలదు. అట్టి స్వల్పకాలము కొరకు ఒక మనుష్యుడు పది సంవత్సరములు పాటుపడెనన్నచో మన సోదరీమణులలో కొందరు నవ్వవచ్చును. మేమును ఈ వృత్తాంతమును మొదట చూచినపుడు, మగవారి ఆటల గొడవ మనకేల యని పుట త్రిప్పబోయితిమి. కాని చదివినకొలదిని ఇది ఆటల కథ మాత్రమే కాదనియు, ఒక యక్కకును తమ్మునికిని సంబంధించిన కథ యనియు తెలిసినది. అందుచేతనే దీనిని మా పాఠకురాండ్ర యెదుట నుంచుచున్నాము.

పందెపు రీతి

మన తెలుగునాట మంచన్నచో మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున చేలమీద క్రమ్ము పొగమంచే. నీరు గడ్డకట్టి బాటయగుట మనమెరుగము. అయినను నాచు పట్టిన నూతిగట్టుమీద నిండుబిందెతో అడుగు వేయునపుడు ప్రాణములు అరచేత పెట్టుకొని నడచుట మనలో ననేకులకు అనుభవమే. ఆ నూతిగట్టును 400 మీటర్ల పొడవునకు సాగదీసి, అద్దమువలె నున్నగా చేసి, దానిపై గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పొమ్మన్నచో నెట్లుండునో ఊహించుకొనుడు. వేగ స్కేటింగు పందెమట్టిది.

నార్వే, హాలెండు మొదలగు శీతల దేశములలో చలికాలమున కాలువలును సరస్సులును గడ్డకట్టును. జనులు జోళ్లక్రింద అలుగులు కట్టుకొని వానిమీద జారుచు ఊరినుండి ఊరికి పోవుట పూర్వకాలమునుండి కలదు. అవసరమే క్రమముగా వేడుకయైనది, వేడుకయే పందెమైనది. నేటి పందెగాని జోడుక్రింద నుండు ఉక్కు అలుగు ఇంచుమించు మూరెడు పొడవుండును. మందము మాత్రము ఒక మిల్లీమీటరుకు కొంచె మెక్కువ. మనిషి బరువంతయు ఆ సన్నని వాదరమీదనే నిలువవలెను.

పందెపు బాట అండాకారముగా నుండును. ఒక చుట్టు 400 మీటర్లు. ఒకేసారి ఇద్దరు మాత్రమే బయలుదేరుదురు. ఒకడు లోపలి బాటలోను, మరియొకడు వెలుపలి బాటలోను. లోపలి మలుపు చిన్నది గనుక న్యాయము కొరకు ప్రతి చుట్టునందును ఒకసారి బాటలు మార్చుకొందురు. అయినను నిజమైన పోటీ ప్రక్కవానితో కాదు, గడియారముతో. జోడీలన్నియు ముగిసిన పిమ్మట ఎవరి కాలము తక్కువయో వారిదే గెలుపు. సెకండును నూరు పాళ్లు చేసి అందొక పాలును గూడ విడువక లెక్కింతురు.

500 మీటర్ల పందెము కేవలము వేగమునకు పరీక్ష. 1000 మీటర్లది రెండున్నర చుట్లు. దానిని మధ్యదూరపు పందెమందురు. ఇందు 600 మీటర్లవరకు వేగము ఆదుకొనును. ఆ పైన కాళ్లు సీసము పోసినట్లు బరువెక్కును. అయినను వంగిన నడుము ఎత్తరాదు. మలుపులో ఎడమవైపునకు ఒరిగి, కుడికాలిని ఎడమకాలిమీదుగా దాటించుచు పోవలెను. వాదర వెండ్రుకవాసి తప్పినను మనిషి మంచుమీద బొంగరమువలె తిరిగి గోడకు పోయి తగులును. కండలు అలసినపుడే కాలు తప్పును గనుక ఈ పందెమున చివరి మలుపులే మిక్కిలి భయంకరములు.

శీతకాలపు ఒలింపిక్ క్రీడలు 1924లో ఫ్రాన్సు దేశమందలి షామొనీలో మొదలైనవి. ఈ స్కేటింగు పందెములలో స్త్రీలకు పతకములిచ్చుట 1960లో అమెరికాయందలి స్క్వా వ్యాలీ క్రీడలలో ఆరంభమైనది. వింతయేమన, స్త్రీల 1000 మీటర్ల పందెము ఆ యేటనే జరిగెను. పురుషుల 1000 మీటర్ల పందెమునకు మాత్రము 1976లో ఇన్స్‌బ్రుక్ క్రీడలవరకు స్థానము లేకుండెను. ఈ యొక్క విషయమున మగవారే పదునారేండ్లు వెనుకబడిరి! ఆ 1976 పందెమున స్వర్ణపతక మందినవాడు అమెరికా దేశీయుడగు పీటర్ ముల్లర్. ఈ పేరు మరల వచ్చును, సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలెను.

తొమ్మండుగురు బిడ్డల యిల్లు

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమున, మిల్వాకీ నగరము ప్రక్కనే, వెస్ట్ ఆలిస్ అను ఊరు కలదు. అచ్చట హ్యారీ జాన్సెన్ అను పోలీసు ఉద్యోగియు, నర్సుగా పనిచేయు ఆయన భార్య జెరాల్డీన్‌యు కాపురముండిరి. వారికి తొమ్మండుగురు సంతానము. 1965 జూన్ 17వ తేదీన జన్మించిన డాన్ అందరిలో కడగొట్టువాడు. అన్నలు అక్కలు మంచుమీద ఆడుచుండగా చూచి చిన్నవాడును అలుగులు కట్టుకొనెను. అందును జేన్ అను అక్కను చూచియే తనకు స్కేటింగుమీద మక్కువ కలిగెనని అతని చరిత్ర చెప్పుచున్నది. పెద్ద సంసారములలో కడగొట్టు బిడ్డకు అక్కలే సగము తల్లులని మనకు ఒకరు చెప్పవలెనా?

డాన్ బాల్యమునాటి సంగతి యొకటి యిచట చెప్పదగియున్నది. బాలుర పోటీలో ఒకమారు బాటకు హద్దుగా నుంచిన రబ్బరునకు కాలు తగిలి పడిపోయి, కొంచెములో గెలుపు పోగొట్టుకొనెను. బండిలో ఇంటికి వచ్చునంత సేపును ఏడ్చుచునేయుండెను. తండ్రి త్రోవలో ఒక్క మాటయు ఆడలేదు. ఇల్లు చేరిన పిమ్మట మాత్రము, బ్రదుకన్నచో గుండ్రముగా తిరుగుటకంటె మించినది గలదని చెప్పి లోపలికి పోయెను. గానుగెద్దువలె తిరుగుటయే బ్రదుకు కాదని మన పెద్దలును చెప్పుదురు గదా! ఈ మాట ఆ బాలుని చెవిలో నిలిచిపోయినది. దాని విలువ తెలిసివచ్చుటకు మాత్రము చాల యేండ్లు పట్టెను.

1984లో సరయేవో నగరమున జరిగిన క్రీడలలో పదునెనిమిదేండ్ల డాన్ 500 మీటర్ల పందెమున నాలుగవవాడుగా వచ్చెను. మూడవ బహుమానము సెకండులో నూటికి 16 పాళ్ల తేడాతో తప్పిపోయినది. పిన్నవాడు గనుక దానిని లోపమని యెవరును తలపలేదు. రాబోవు క్రీడలు అతనివేయని అందరును నమ్మిరి.

కాల్గరీ

1987లో జేన్‌కు ల్యుకేమియా అను వ్యాధి తగిలినట్లు వైద్యులు కనుగొనిరి. ఇది ఎముకల మూలుగలో పుట్టు రక్తకణములకు సంబంధించిన క్యాన్సరు. చెడిన తెల్లకణములు మితిమీరి పెరిగి మంచి రక్తమునకు చోటులేకుండ జేయును. అప్పటికామె ముగ్గురాడుబిడ్డల తల్లి. ఒక సంవత్సరమునకు పైగా ఆమె ఆ వ్యాధితో పోరాడెను.

1988 ఫిబ్రవరిలో కెనడాయందలి కాల్గరీ నగరమున శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగెను. అంతకు వారము దినములు ముందే తన సొంత ఊరగు వెస్ట్ ఆలిస్‌లో జరిగిన పోటీలలో డాన్ ప్రపంచ స్ప్రింటు విజేతయైయుండెను. కనుక 500 మీటర్లలో అతనికే గెలుపని యెల్లరును ఎదురుచూచుచుండిరి.

పందెము ఫిబ్రవరి 14వ తేదీన. ఆ దినము తెల్లవారినంతనే అక్క అవసానదశలో నున్నదని ఇంటినుండి కబురు వచ్చెను. డాన్ టెలిఫోనులో అక్కతో మాటలాడెను. ఆమె విను స్థితిలో నుండెనే గాని బదులు పలుకు స్థితిలో లేకుండెను. కొన్ని గంటలకే ఆమె మరణించినదని తెలిసెను. ఆమె వయస్సు 27 సంవత్సరములు.

అట్టి దినమున అతడు పందెమునకు పోవుట సబబా యని మనలో కొందరికి తోచును. మాకును తోచినది. మన యిండ్లలోనైనచో మైల పట్టి కూర్చుందురేగాని బయట కాలు పెట్టరు. కాని తన స్కేటింగునకు మూలమైన అక్క కొరకే తాను పోవలెనని అతడును అతని వారును తలచిరి. ఒక్కొక్క దేశపు ఆచారమొక్కొక్క విధము. దుఃఖము మాత్రము అన్నిచోట్ల నొక్కటే. ఆ సాయంకాలము పందెమున డాన్ మొదటి మలుపులోనే జారి పడిపోయెను. తూర్పు జర్మనీ దేశీయుడగు ఊవె యెన్స్ మై ఆ పందెము గెలిచెను.

నాలుగు దినములకు, ఫిబ్రవరి 18వ తేదీన, 1000 మీటర్ల పందెము. అక్క అంత్యక్రియలు ఇంకను జరుగలేదు. డాన్ మరల మంచుమీదికి వచ్చెను. ఈ మారు మొదటినుండియు అద్భుతమైన వేగముతో సాగెను. రికార్డు తప్పదని చూపరులు తలచుచుండిరి. 800 మీటర్లు దాటెను. మిగిలినది 200 మీటర్లే. అంతలో అలుగు పట్టు తప్పినది. చూచువారు కన్ను మూసి తెరచులోపల అతడు మంచుమీద కూలబడియుండెను. సోవియట్ దేశపు నికొలాయ్ గుల్యాయెవ్‌కు స్వర్ణపతకము దక్కెను. డాన్ వట్టిచేతులతో అక్కను సాగనంపుటకు ఇల్లు చేరెను.

ఓటమి ముద్ర

లోకము అతనిని నిందింపలేదు. అతని ధైర్యమును మెచ్చుకొని అమెరికా ఒలింపిక్ సంఘమువారు ఒక గౌరవమును గూడ నిచ్చిరి. కాని జాలియు ఒక విధమైన ముద్రయే. పడిపోయినవాడని పేరుపడిన మనుష్యునకు లేచి నడచుటకంటె, లేచితినని పదిమందిని నమ్మించుట కష్టము. అంతకంటె తన్ను తాను నమ్మించుకొనుట కష్టము.

1992లో ఫ్రాన్సునందలి ఆల్బర్‌విల్ క్రీడలలో అతడు పడిపోలేదు. అయినను 500 మీటర్లలో నాలుగవ స్థానమును, 1000 మీటర్లలో 26వ స్థానమును మాత్రమే దక్కినవి. మామూలుగా నైనచో మరి నాలుగేండ్లవరకు అవకాశము లేదు. కాని అదృష్టవశమున, ఒకే యేట జరుగుచుండిన వేసవి క్రీడలను శీతకాలపు క్రీడలను వేరుపరుపవలెనని ఒలింపిక్ సంఘమువారు అంతకు ముందే నిర్ణయించియుండిరి. అందుచే తరువాతి శీతకాలపు క్రీడలు రెండేండ్లకే, 1994లో, నార్వే దేశమున లిల్లెహమ్మర్‌లో వచ్చినవి. డాన్‌కు మరియొక తలుపు తెరచినట్లైనది.

అతనికి శిక్షణ యిచ్చినవాడు మనము పైన జ్ఞాపకముంచుకొనుమన్న పీటర్ ముల్లరే. మనశ్శాస్త్రమెరిగిన జిమ్ లోయర్ అను పండితుడును తోడ్పడెను. డాన్‌కు 500 మీటర్లన్నచో ధీమా. 1000 మీటర్లన్నచో గుబులు. చివరి చుట్టునందు తన కాళ్లు మోసము చేయునని అతని భయము. ఆ భయమును పోగొట్టుటకు లోయర్ చెప్పిన ఉపాయము మిక్కిలి సులువైనది. "నాకు వేయి మీటర్ల పందెమిష్టము" అను మాటను ప్రతిదినమును కాగితముమీద వ్రాయుమనెను. డాన్ మొదట నమ్మలేదు; నమ్మకపోయినను వ్రాసెను. మన యిండ్లలో పెద్దలు రామకోటి వ్రాయుట చూచినవారికి ఇది వింతగా తోచదు. చేయి వ్రాయగా వ్రాయగా మనస్సు దాని వెంట నడచును.

ఇంతలో అతడొక యింటివాడయ్యెను. భార్య పేరు రాబిన్. వారికి 1993లో ఆడుబిడ్డ పుట్టెను. ఆ బిడ్డకు పెట్టిన పేరు జేన్.

1994 ఫిబ్రవరి 18

స్కేటింగు పందెములు లిల్లెహమ్మర్‌కు దక్షిణమున, మ్యోసా సరస్సు ఒడ్డున నున్న హామార్ పట్టణములో జరిగెను. అచ్చటి మందిరము పేరు వైకింగ్ ఓడ యని అర్థమిచ్చునది; పూర్వపు నార్వే నావికుల ఓడను బోర్లించినట్లే దాని కప్పును కట్టిరి.

500 మీటర్ల పందెము ఫిబ్రవరి 14వ తేదీన జరిగెను. జేన్ మరణించి సరిగా ఆరు సంవత్సరములు. అప్పటికి ఆ దూరమును 36 సెకండ్లలోపల ముగించిన మొదటి మనుష్యుడు డానే, 35.76 సెకండ్ల ప్రపంచపు రికార్డును అతనిదే. ఇక నెదురు లేదనుకొనిరి. కాని చివరి మలుపులో కాలు కొంచెము జారినది. పడలేదు, తప్పటడుగు పడినది. అంత మాత్రముననే ఎనిమిదవ స్థానమునకు పోయెను. రష్యా దేశీయుడగు అలెగ్జాండర్ గోలుబెవ్ గెలిచెను.

మిగిలినది 1000 మీటర్ల పందెమొక్కటే. తనకు మొదటినుండియు గుబులు గొలుపు పందెము. నాలుగు ఒలింపిక్ క్రీడలలో అతనికిది ఎనిమిదవ పందెము, ఇదియే కడపటిదియు. అదియు ఫిబ్రవరి 18వ తేదీనే వచ్చినది. కాల్గరీలో 800 మీటర్లకడ కూలిన దినమునకు సరిగా ఆరేండ్లు.

డాన్ బయలుదేరెను. మొదటి చుట్టు నిండుగా సాగినది. రెండవ చుట్టునందును వేగము తగ్గలేదు. ముగింపునకు చేరువైన ఒక మలుపులో అతని కాలు మరల జారెను. ఎడమచేయి మంచును తాకినంత పనియైనది. చూచుచున్నవారి గుండెలు ఒక్కసారి ఆగిపోయియుండును. ఆ యింటివారి సంగతి చెప్పనేల? కాని ఈ మారు అతడు బెదరలేదు. తొందరపడి కాలు విదలింపలేదు. ఒరిగిన దేహమును నెమ్మదిగా సరిచేసికొని, మరల ఊపందుకొని, గీత దాటెను. గడియారము 1 నిమిషము 12.43 సెకండ్లు చూపెను. అది అప్పటికి ప్రపంచములో నెవ్వరును చేరని కాలము. జారిన పందెముననే రికార్డు!

బెలారుసు దేశీయుడగు ఇగోర్ జెలెజోవ్స్కీ 1 నిమిషము 12.72 సెకండ్లలో రెండవవాడును, రష్యా దేశీయుడగు సెర్గేయ్ క్లెవ్చెన్యా 12.85 సెకండ్లతో మూడవవాడును ఐరి. మొదటివానికిని రెండవవానికిని గల భేదము సెకండులో నూటికి 29 పాళ్లు; ఆ వేగమున దాదాపు నాలుగు మీటర్ల దూరము. పదేండ్ల పాటు ఆ నాలుగు మీటర్లలో నిలిచినది.

బహుమానము పుచ్చుకొనిన పిమ్మట మందిరమున దీపములు తగ్గించిరి. డాన్ మెడలో స్వర్ణపతకముతో, చేతులలో ఏడాది నిండని కుమార్తెతో, మెల్లగా మంచుమీద ఒక చుట్టు తిరిగెను. దీపకాంతి ఆ యిరువురి వెంటనే నడచెను. ఆ బిడ్డ పేరు తెలిసిన వారందరికిని ఆ చుట్టు ఎవరికొరకో తెలిసియేయుండును.

తరువాత

ఆ క్రీడల ముగింపు ఉత్సవమున అమెరికా పతాకమును మోయు గౌరవము డాన్‌కే దక్కినది. ఆ యేటనే అతడు పందెములు మానుకొనెను. అక్క జ్ఞాపకార్థముగా తన పేర ఒక ధర్మసంస్థను స్థాపించి ల్యుకేమియాపై పోరాటమునకు ధనము సమకూర్చెను. అవే క్రీడలలో అతని దేశమునకే చెందిన బోనీ బ్లేర్ అను యువతి స్త్రీల 500, 1000 మీటర్ల పందెములు రెండును గెలిచి, మూడు క్రీడలలో కలిపి అయిదు స్వర్ణపతకములు పొందినదగుట గూడ మన సోదరీమణులకు సంతోషము గొలుపును.

రికార్డులు నిలుచునవి కావు. కొన్నియేండ్లకు మడమకడ విడివడు కొత్తరకపు అలుగులు వచ్చి వేగము మిక్కిలి పెరిగినది. 2024లో అదే విస్కాన్సిన్ రాష్ట్రపు యువకుడు జోర్డన్ స్టోల్జ్ ఈ దూరమును 1 నిమిషము 5.37 సెకండ్లలో ముగించెను. డాన్ కాలము నేటి పట్టికలో ఎక్కడనో క్రింద నుండును. అయినను అతని పందెమును జనులు మరువలేదు.

దీనిలో మనకేమి కలదు? పరీక్ష తప్పి యింటికి వచ్చిన కుమారుని చూడగానే మనము చేయు మొదటిపని యేమి? పొరుగింటివాని మార్కులెత్తుట. ఉద్యోగము దొరకని తమ్మునితో మాటలాడు మొదటి మాట యేమి? ఇంకను కాలేదాయని. ప్రేమచేతనే యందుము, కాని ఆ మాటలు వాని కాళ్లక్రింద మంచువంటివి. హ్యారీ జాన్సెన్ ఏడ్చుచున్న బిడ్డను కొట్టలేదు, బుజ్జగింపను లేదు. గెలుపునకు తగిన కొలత మాత్రము చూపెను. గెలువకున్నను ఈ యిల్లు నీదేయని ఆ మాటకు అర్థము. అట్టి యిల్లు వెనుక నున్నవాడు ఎన్నిమారులు పడినను లేచుటకు నేల దొరకును.

మరియొకటి. జేన్ ఏ పతకమును గెలువలేదు. ఇరువదియేడేండ్లకే బ్రదుకు ముగించుకొని ముగ్గురు పసిబిడ్డలను విడిచి పోయినది. కాని ఆమె చూపిన యాటను తమ్ముడు పట్టుకొనెను. ఆమె పేరును మేనకోడలు ధరించెను. ఆమెను చంపిన వ్యాధిమీద పోరాటమునకు ఆమె జ్ఞాపకమే మూలధనమైనది. యమద్వితీయనాడు తమ్మునికి స్వహస్తముతో అన్నము పెట్టు అక్కలు మన యింటింటను గలరు. తాము పెట్టినది ఒక పూట భోజనమేయని వారనుకొందురు. అది ఎంత దూరము నడిపించునో వారికి తెలియదు.